ఇరవై నాలుగు వందల మోటారు

"ఇంకో సంచి కూడా ఇటియ్యమ్మా," అన్నాడు నందకిశోర్.

ఆమె విసుక్కుంటూ ఇచ్చింది. బిల్లులో రాసిన చీరలూ జాకెట్టు ముక్కలే సంచిలో ఉన్నాయి, అంతకుమించి ఏమీ లేవు. అతను బిల్లుకు పంచ్ కొట్టి తలూపాడు. పత్తర్‌గట్టిలోని ఆ చీరల దుకాణంలో, బయటికి పోయే తలుపు పక్కన ఉన్న ఎత్తు స్టూలు అతనిది. బక్కపల్చని మనిషి, మెడ కాస్త ముందుకు వంగి ఉంటుంది, చూసేటప్పుడు ఎడమకన్ను చికిలిస్తాడు. బిల్లులో ఉన్నవి సంచిలో ఉన్నాయా, సంచిలో ఉన్నవి బిల్లులో ఉన్నాయా అని చూడటం ఉద్యోగం. జీతం ఇచ్చేది మాత్రం రెండోదానికే.

కుర్రతనంలో ఇదే దుకాణంలో కౌంటరు మీద చీరలు పరిచేవాడు. ఒకరోజు పెళ్లివారి సందడిలో పట్టుచీర ఒకటి మాయమైంది. ఆ గుంపులో "బిడ్డా, బిడ్డా" అంటూ అతన్ని అందరికంటే ఎక్కువ నవ్వించిన పెద్దావిడే దాన్ని కొంగు కింద పెట్టుకుపోయిందని తర్వాత తెలిసింది. సేఠ్ తిట్టలేదు, తెచ్చి ఈ స్టూలు మీద కూర్చోబెట్టాడు. అప్పటినుంచి ఎవరైనా తీయగా మాట్లాడితే నందకిశోర్ వాళ్ల సంచిని రెండుసార్లు చూస్తాడు. ఇంట్లో పాలు మరిగేదాకా గిన్నె దగ్గరే నిలబడతాడు, నీళ్లు ఎంత కలిపారో తేల్చడానికి. "అనుమానం ముందుగాల పుట్టింది, ఆ తర్వాత మా ఆయన పుట్టిండు" అని అతని భార్య రమాబాయి వాడకట్టంతా చెప్పుకుంటుంది. పని అయిపోయి ఇంటికి పోయేటప్పుడు వాచ్‌మన్ అతని జేబులు కూడా తడిమే పంపిస్తాడు. అది అతనికి న్యాయంగానే తోస్తుంది.

అలాంటి మనిషి లోకంలో ఒక్కడిని నమ్మాడు. ఉప్పుగూడ స్టేషన్ రోడ్డులో ఫ్యాన్లకూ నీళ్ల మోటార్లకూ వైండింగ్ చేసే అబ్దుల్ వాహెద్‌ని. ఇవాళ పొద్దున్నుంచి ఆ నమ్మకమూ ఊగుతోంది.

సంగతి ఒక బొమ్మ ట్రక్కుది. రిమోట్‌తో నడిచేది, మూరెడు పొడుగు, లావు టైర్లు. జుమ్మెరాత్ బజారులో పాత సామాన్ల మధ్య కనబడితే, అమ్మేవాడి చేత నాలుగు చక్రాలూ ఊడదీయించి చూసి మరీ కొన్నాడు. అయినా వారం తిరక్కుండా ఆగిపోయింది. దాన్ని బాగుచేస్తూ చేస్తూ వాహెద్‌కూ మోజు పుట్టి, తనూ ఒకటి కొనుక్కున్నాడు. అప్పటినుంచి ప్రతి ఆదివారం జహనుమాలో, కూలగొట్టిన ఇంటి మట్టిదిబ్బ దగ్గర, యాభై దాటిన ఇద్దరు మగవాళ్లు రిమోట్లు పట్టుకుని నిలబడతారు. చూసినవాళ్లు నవ్వుతారు. నందకిశోర్‌కు మాత్రం వారమంతటిలో అదే ప్రాణం. అక్కడ ఎవరి సంచీ చూడక్కర్లేదు.

దిబ్బ మీదికి వాహెద్ బండి ఎప్పుడూ గొణక్కుండా ఎక్కేస్తుంది. ఇతని బండి సగంలో మూలుగుతుంది. మొన్న ఆదివారం పొగే వచ్చింది. లోపలి కార్బన్ బ్రష్‌లు అరిగిపోయి మోటారు కాలింది. ఇక బ్రష్‌లు లేని మోటారు వేయించాల్సిందే. వాహెద్ బండిలో ఉన్నది అలాంటిదే, కాని అది వేడెక్కకుండా పైన అల్యూమినియం తొడుగు వేసి ఉంది. నంబరు కనబడదు.

పొద్దున డ్యూటీకి వస్తూ బండిని వాహెద్ దుకాణంలో దించి, ఏ మోటారు కొనాలని అడిగాడు.

"నీ బండికి బరువెక్కువ, కిశోర్ భాయ్. నీకు ఉరుకుడు కాదు, గుంజుడు గావాలె. ఇరవై నాలుగు వందల నంబరు తెచ్చుకో. నంబరు పెరిగితే మస్తు ఉరుకుతది గని, ఊకె కాలుతది."

"నీ దాంట్ల ఎంతుంది?"

"గంతే ఉంది." వాహెద్ చొక్కా పై గుండీ విప్పుకుని అట్టముక్కతో విసురుకున్నాడు. "ఇయ్యాలనే తీస్కరా. రేపు గీపు అనకు."

ఆ చివరి మాట దగ్గరే నందకిశోర్ ఆగిపోయాడు. తలుపు దగ్గర అతను నేర్చుకున్న చదువంతా ఒక్కటే, తొందరపెట్టేవాడి సంచిలో ఏదో ఉంటుంది. ఆటో ఆగి ఉందనేవాళ్లనూ, పాప ఏడుస్తోందనేవాళ్లనూ అతను అడుగుదాకా చూస్తాడు. ఇన్నేళ్లలో వాహెద్ ఏ పనికీ తొందరపెట్టి ఎరగడు. పైగా ఆ మాట అంటూ ముఖం అటు తిప్పుకున్నాడు.

మధ్యాహ్నం అన్నం మానేసి, నయాపూల్ దాటి కోఠీ పోయాడు. గుజరాతీ గల్లీలో ఇలాంటి సామాన్లమ్మే మనీష్‌ను, వాహెద్ పేరెత్తకుండా, ఇరవై నాలుగు వందల మోటారు ఎలాంటిదని అడిగాడు. మనీష్ పెదవి విరిచాడు. అది నెమ్మదిగా పోతుందనీ, ఎవరూ అడగరనీ, అందరూ నలభై మూడు వందలదే పట్టుకుపోతున్నారనీ చెప్పాడు. గిట్లాంటిది కొనమని ఎవరు చెప్పిన్రు సార్ అని నవ్వాడు కూడా.

నందకిశోర్ నలభై మూడు వందల డబ్బాను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు. లోకమంతా వేగంది కొంటుంటే తనకొక్కడికే నెమ్మదిది ఎందుకు? దిబ్బ మీద ఎప్పుడూ వాహెదే ముందుండాలని కాకపోతే! వేగంగా పోయే మోటారునే, దాన్ని నడిపే కంట్రోలరుతో సహా, సీలు చూసి, బిల్లు సరిచూసి కొన్నాడు. తిరిగొస్తుంటే కోపం కంటే దిగులే ఎక్కువగా ఉంది. ఒక్క మనిషైనా మిగిలాడనుకున్నాడు. సాయంత్రం ఆ తొడుగు విప్పించాలి, నంబరు చూడాలి. వాహెద్ సంచీ కూడా చూసేయాల్సిందే. ఆ తర్వాత ఆదివారాలు ఉంటాయో ఉండవో అని కూడా అనుకున్నాడు, మళ్లీ స్టూలెక్కాక పంచ్ మిషన్‌ను గట్టిగా నొక్కాడు.

డ్యూటీ దిగి, షేర్ ఆటోలో ఉప్పుగూడ చేరేసరికి పొద్దుగూకే మగ్రిబ్ నమాజుకు అజాన్ వినిపిస్తోంది. వాహెద్ దుకాణం షట్టరు సగానికి దించి ఉంది. దుకాణం ముందూ, వెనకే ఉన్న అతని ఇంటి ముందూ కుర్చీలు వేసి ఉన్నాయి. టోపీలు పెట్టుకున్నవాళ్లు తగ్గు గొంతులతో మాట్లాడుకుంటున్నారు. పక్క దుకాణం టైలర్ సాయిలు వచ్చి అతని చెయ్యి పట్టుకుని ఓ వారకు తీసుకుపోయాడు.

"వాహెద్ భాయ్ పగటీలి నమాజ్ చేసుకొచ్చి కూసున్నడు అన్నా. కుర్చీలనే పోయిండు. రేపు దవఖాన్ల చేరాల్సి ఉండె, గుండె ఆపరేషన్. ఎవ్వలకు చెప్పలే. నాక్కూడ ఇయ్యాలనే చెప్పిండు."

రేపు గీపు అనకు. నందకిశోర్‌కు ఆ మాట ఇప్పుడు తిన్నగా వినిపించింది. నోటికి వచ్చిందే అడిగాడు. "నా బండేది?" అడిగాక తన గొంతు తనకే అసహ్యమేసింది.

సాయిలు తప్పుపట్టలేదు. "లోపలుంది. నువ్వు పోయినంక గిరాకీ పనంత పక్కకు వెట్టి దాంతోనే కూసున్నడు. 'కిశోర్ భాయ్ ఎవ్వర్ని నమ్మడు సాయిలూ, చెప్తే కాదు, పెట్టి ఇయ్యాలె' అన్నడు. తన బండిల మోటారే, కంట్రోలరుతోటి తీసి నీ దాంట్ల పెట్టిండు."

నందకిశోర్ షట్టరు కింద వంగి లోపలికి పోయాడు. వార్నీషు వాసన. బల్ల మీద అతని ట్రక్కు, పై డొప్ప తీసి ఉంది. మధ్యలో అల్యూమినియం తొడుగు వేసిన మోటారు. తీగలు చక్కగా చుట్టి దారంతో కట్టి ఉన్నాయి. నమ్మాడు, పూర్తిగా నమ్మాడు. అయినా చెయ్యి ఊరుకోలేదు. స్క్రూడ్రైవరు అందుకుని తొడుగు వదులు చేసి, ఎడమకన్ను చికిలించి నంబరు చదివాడు.

ఇరవై నాలుగు వందలు.

సిగ్గుతో అక్కడే కింద కూర్చున్నాడు. కోఠీ నుంచి తెచ్చిన డబ్బా ఒళ్లో ఉంది. పోయిన మనిషిని కూడా తలుపు దగ్గర ఆపి చూశాను కదా అనుకున్నాడు. కళ్లు తుడుచుకున్నా నీళ్లు ఆగలేదు. "మాఫ్ చెయ్యి భాయ్," అన్నాడు, ఎవరూ లేని కుర్చీతో.

బయట జనాజా లేపే వేళయింది, భుజం పట్టడానికి రమ్మని సాయిలు పిలిచాడు. నందకిశోర్ గోడ పట్టుకుని లేచాడు. పై అరలో, రెక్కల్లేని ఫ్యాన్ల మధ్య వాహెద్ బండి ఉంది. మోటారు ఉండాల్సిన చోటు ఖాళీగా ఉంది, విప్పిన రెండు మరలూ పోకుండా మళ్లీ వాటి బెజ్జాల్లోనే బిగించి ఉన్నాయి.