బోర్లించిన పళ్లెం

మాది చెక్కే వంశం. అన్నయ్య ముఖాలు చెక్కుతాడు. నేను పని చెప్పగానే చెక్కేస్తాను. పాతకాలపు నాటకాల నటీనటుల బొమ్మలను రాగిరేకుల మీద చెక్కి, సిరా పులిమి, పల్చటి కాగితం మీద అచ్చు తీసి, ఆ కాగితాన్ని పింగాణీకి అంటించి బట్టీలో కాలుస్తాం. జనం మహారాజుల ముఖాన అన్నం వడ్డించుకుని, విదూషకుల మూతి పట్టుకుని టీ తాగుతారు.

ఆ ముఖాల్లో మా నానమ్మదీ ఉంది. మొగుణ్ని పొడిచి చంపే రాణి వేషం. చేతిలో ఒక బాకు, కళ్లలో రెండు. ఆవిడకి ఫొటో లేదు, ఉన్నదల్లా ఆ రాగిరేకే. చూపు మసకేస్తున్న మా మేనత్త, పూర్తిగా పోయేలోపు వాళ్లమ్మ ముఖం ఒక్కసారి చూసుకోవాలని ఆ మధ్యాహ్నం వస్తానంది.

పొద్దున నేను కార్ఖానాలోకి వెళ్లేసరికి అన్నయ్య ఆ రేకునే గీకుతున్నాడు. ఒళ్లంతా రాగిపొడి. అమ్ముడుపోని ముఖాన్ని గీకేసి అదే రేకు మీద ఇంకొకటి చెక్కడం మాకు మామూలే. కానీ నానమ్మనా?

"గీతలు అరిగిపోయాయిరా, అచ్చు సరిగ్గా..."

మిగతాది వినలేదు. ముక్కు మీద ఒక్కటిచ్చాను. అచ్చు గుద్దడం మా వృత్తి. ఆ రోజు అచ్చు లేకుండానే గుద్దుకున్నాం.

"అత్తకి ఏం చూపిస్తావ్? నీ దరిద్రపు ముఖమా?"

"చెప్పేది వినరా, వెధవా!"

గీకుడుకత్తి లాక్కోబోతే నా అరచెయ్యి అడ్డంగా తెగింది. ఆ చేత్తోనే వాడి దవడ పగలేశాను. నా నెత్తురు వాడి పళ్లకంటింది. వాడు నా చెవి కొరికాడు. బల్ల తిరగబడి నలభై మంది విదూషకులు ఒక్కసారిగా భళ్లున పగలబడ్డారు, నవ్వి కాదు. ఆ పెంకుల మీదే దొర్లాం, వీపులు చీరుకుపోయాయి. చివరికి వాడు నన్ను గోడకి అదిమి గొంతు పట్టేశాడు. కళ్ల ముందు చుక్కలు. చెయ్యి తడిమితే గోడవార ఒక పళ్లెం తగిలింది.

గోడవార బోర్లించామంటే పనికిరాని సరుకని లెక్క. దాన్ని ఎవరూ తిప్పి చూడరు. నేనూ చూడలేదు. వాడి నడినెత్తిన బద్దలు కొట్టాను.

వాడు కూలబడ్డాడు. జుట్టులోంచి నెత్తురు కనుబొమల మీదుగా గడ్డం దాకా కారింది. నా కాలి దగ్గర ఒక ముక్క. అందులో ఒక చెయ్యి, చేతిలో బాకు.

"ఆఖరి మంచి అచ్చురా అది," అన్నాడు అన్నయ్య, నెత్తురు ఉమ్ముతూ. "అత్త కోసం తీశా. నీ చెయ్యి పడకూడదనే అక్కడ బోర్లించా."

వదిన పట్టకారూ గుడ్డలూ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది. "ఒకడు గీకాడు, ఒకడు పగలగొట్టాడు. మీ నానమ్మ కూడా మొగుణ్ని ఇంత ఘోరంగా చంపి ఉండదు!"

అత్త వచ్చేసరికి అన్నయ్య తల వదిన ఒళ్లో ఉంది. నేను గుడ్డ చుట్టుకున్న చేత్తో, లేపి నిలబెట్టిన బల్ల మీద ముక్కలు పేరుస్తున్నాను. అత్త ముక్కు ఆనేంత దగ్గరగా వంగి చూసింది.

"నోరు అమ్మదే. చెయ్యీ అమ్మదే. కళ్లేవిరా?"

"మీ పెద్ద మేనల్లుడి నెత్తిలో ఉన్నాయి," అంది వదిన. "కదలకండి మీరు!" అన్నయ్య కెవ్వుమన్నాడు. వదిన ఎర్రగా తడిసిన ఒక ముక్క తీసి అత్త అరచేతిలో పెట్టింది.

అత్త దాన్ని కొంగుతో తుడిచి, వెలుగుకేసి పట్టుకుని చాలాసేపు చూసింది.

"ఇదే చూపు," అంది. "నేనూ మీ నాన్నా జుట్లు పట్టుకుంటే, అమ్మ ఇలా ఒక్కసారి చూసేది. అంతే, చప్పున వదిలేసేవాళ్లం."

"కాస్త ముందొస్తే పోయేది కదత్తా," అని మూలిగాడు అన్నయ్య.

"రెండోది కూడా తియ్యమ్మా," అంది అత్త వదినతో. "వీడి ఏడుపు తర్వాత చూద్దాం."

నేను వాడి తల కదలకుండా రెండు చేతులతో పట్టుకున్నాను.