గుడ్డి చేప బండి

నేను లారీలకు బొమ్మలు వేయడం మానేసి ఆరేళ్లయింది. స్టిక్కర్లు వచ్చాక కుంచె పట్టినవాణ్ణి ఎవరు పిలుస్తారు? ఇప్పుడు ఏలూరులో మా ఇంటి వరండాలోనే కూర్చుని, అవే లారీలను జానెడు పొడవున చేసి, రంగులు వేసి, అడిగినవాళ్లకు ఇస్తున్నాను. మా ఆవిడ నసీమా నాకు మళ్లీ చిన్నతనం వచ్చిందంటుంది. అననివ్వండి.

పోయిన నెల కొల్లేటికోట నుంచి వెంకట్రాజు వచ్చాడు. పద్దెనిమిదేళ్లు సొంత లారీలో చేపలు నింపి హౌరాకు తోలిన మనిషి. బండి తుక్కుకు వెళ్లిపోతోందని, అచ్చం అలాంటిదే చిన్నది చేసిపెట్టమని ఫొటోలు ఇచ్చాడు. వెనక తలుపు ఫొటో చూడగానే నా మొహం మాడిపోయింది.

ఆ తలుపు మీద ఎదురెదురుగా రెండు చేపలు. వేసింది నేనే. కుడి చేపకు కన్ను లేదు. ఆ రోజు శుక్రవారం. రంగు ఆరేలోగా నమాజుకు వెళ్లొచ్చి కన్ను పెడదామనుకున్నాను. తిరిగొచ్చేసరికి, చెరువు గట్టున ఐసు కరిగిపోతోందని బండి లోడుకు వెళ్లిపోయింది. మళ్లీ నా దగ్గరకు రాలేదు. కింద నా పేరూ ఊరూ మాత్రం నిక్షేపంగా ఉన్నాయి. డ్రైవర్లంతా దాన్ని గుడ్డి చేప బండి అనేవారు. ఆ మాట చెవిన పడ్డప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

అందుకని ఈ చిన్న బండిలో నా పరువు దక్కించుకుందామనుకున్నాను. ఇంత చిన్న తలుపు మీద కుంచె ఆడదు కాబట్టి డెకాల్ వాడాను. డెకాల్ అంటే నీళ్లలో నానగానే కాగితం మీంచి జారివచ్చే పల్చని బొమ్మ. రెండు చేపలకూ కళ్లు పెట్టి ప్రింటు తీయించాను. నా పేరు తీసేశాను. గరుకు రంగు మీద డెకాల్ అతికిస్తే కింద గాలి చిక్కి తెల్లగా మెరుస్తుంది కాబట్టి, ముందు ఒక పూత క్లియర్, అంటే రంగులేని వార్నిష్, కొట్టి నున్నగా చేశాను. చేపలను నీళ్లలో ముంచి, అర నిమిషం ఆగి, కుంచెతో తలుపు మీదికి జరిపి, టిష్యూతో అద్దాను. పైన మళ్లీ క్లియర్ కొట్టాలి. తేమలో కొడితే అది పాలలా తెల్లబడుతుంది. రెండు రోజులు ఎండ కోసం కాచుకుని, మధ్యాహ్నంపూట పల్చగా రెండు పూతలు వేశాను. తలుపు అద్దంలా వచ్చింది. నాకు ఎంత సంతోషమో.

వెంకట్రాజు వచ్చి చక్రాలు, క్యాబిన్, అద్దాలు అన్నీ మురిపెంగా చూశాడు. వెనక తలుపు దగ్గర ఆగిపోయాడు.

"చాలా బాగుందండీ. కానీ ఇది నా బండి కాదండీ."

కుడి చేప కన్ను మీద వేలు పెట్టాడు. నా తప్పు నేను దిద్దుకున్నానని కాస్త గట్టిగానే చెప్పాను. అతను వాదించలేదు. హౌరాలో వందల లారీలు వరసగా ఆగితే ఆ చేపను బట్టే తన బండి పోల్చుకునేవాడట. బండి ఎక్కేముందు ఆ కన్ను లేని చోట ఒకసారి తాకేవాడట. ఎందుకో అతనికీ తెలియదట.

"ఎల్లుండి ఆ బండిని తుక్కు కింద కోసేస్తారండీ. ఆ తరవాత నాకు మిగిలేది ఇదొక్కటేనండీ," అన్నాడు.

ముందు కోపమొచ్చింది. అతను వెళ్లాక సిగ్గేసింది.

కన్ను మీద రంగు చుక్క పెట్టేస్తే పావుగంట పని. కానీ దగ్గరగా చూస్తే అతుకు తెలుస్తుంది. తడిపిన గరుకు కాగితంతో రుద్ది క్లియర్, చేప, అన్నీ తీసేశాను. నా పనితనాన్ని నా చేత్తోనే గీకుతుంటే ప్రాణం ఉసూరుమంది. నా పేరు తప్ప అంతా ఫొటోలో ఉన్నట్టే కొత్త డెకాల్ తీయించి, మళ్లీ మొదటి నుంచీ మొదలుపెట్టాను.

వెంకట్రాజు మళ్లీ వచ్చేసరికి అసలు బండి కోసేశారు. చిన్న బండిని ఒళ్లో పెట్టుకుని, చేపకు కన్ను లేని చోట వేలు ఆనించాడు. తరవాత చేపల కిందికి చూసి, మీ పేరేదండీ అని అడిగాడు. తప్పు కింద పేరెందుకని నసిగాను.

"లోడు దింపాక తలుపు వేసిన ప్రతిసారీ చదువుకున్న పేరండీ. బాగా వేశారనే అనుకున్నానండీ, ఎప్పుడూ."

సన్న కుంచె తీశాను. 'అజ్మల్, ఏలూరు' అని రాయడానికి మూడుసార్లు తుడవాల్సి వచ్చింది. అతను వెళ్లేదాకా తల ఎత్తలేకపోయాను.