గోడ దిగిపోయిన అమ్మలక్కలు

సీతామహాలక్ష్మిని దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక గల్లీలో అందరూ గోడల మేడం అనేవాళ్లు. క్యూరేటర్ అనడానికి నోరు తిరక్క కాదు, ఆమె చేసే పని అదే కాబట్టి. బస్తీకి పోవడం, అక్కడివాళ్ల చేతికే రంగులిచ్చి, వాళ్ల గోడ మీద వాళ్లకు తోచింది వేయించడం. జీతం గోరంత, తిరుగుడు కొండంత. అయినా ఆ పనంటే ఆమెకు ప్రాణం.

ఈసారి పోచంపల్లి నుంచి వచ్చి స్థిరపడ్డ ఆడవాళ్లు ఆ గల్లీ గోడ మీద ఎవరి బొమ్మ వాళ్లు వేసుకున్నారు. బొమ్మలు బుద్ధిగానే ఉండేవి. ఎండెక్కితే కొంగు నెత్తిన కప్పుకునేవి, వానొస్తే పక్కింటి సజ్జ కిందికి జరిగేవి. గల్లీలోవాళ్లు "జర తడవకుండ్రి" అని చెప్పి తమ పని మీద పోయేవాళ్లు.

ఆ రోజు సాయంత్రమే ప్రారంభోత్సవం. ఈ పనులకు డబ్బిచ్చే ట్రస్టు పెద్దలు వస్తున్నారు. వాళ్లకు ఇది నచ్చకపోతే బస్తీ పనులన్నీ బంద్. ఇక మేడం ఏసీ గ్యాలరీలో కూర్చుని, వచ్చిపోయేవాళ్లకు ఫ్రేములు చూపించుకోవాలి. పొద్దున్నే గల్లీలోకొచ్చి చూస్తే గోడ బోసిగా ఉంది. ఒక్క బొమ్మ లేదు.

"అలిగి పోయిన్రు మేడం," అంది రాజమ్మ, వాకిలి ఊడుస్తున్నదల్లా ఆగి. గల్లీకి పెద్ద దిక్కు ఆమె. "ఎల్‌బీనగర్ ఫ్లైఓవర్ పిల్లర్ మీద కూసున్నరంట. పాలాయన చూసిండు."

"ఎందుకండీ అలగడం? నిన్న ఇంటింటికీ వెళ్లి బొట్టు పెట్టి మరీ పిలిచాను కదా."

"నాకేం ఎరుక? పోయి అడుగుదాం నడువుండ్రి."

మెట్రోలో వెళ్లారు. నిజమే, పిల్లర్ మీద అందరూ వరసగా కూర్చున్నారు, మూతులు ముడుచుకుని. రాజమ్మ బొమ్మ కూడా వాళ్లలోనే ఉంది. కింద బస్సు కోసం నిలబడ్డవాళ్లు ఫోన్లు చూసుకుంటున్నారు. మళ్లీ పిలిస్తే పోలా అనుకుని సీతామహాలక్ష్మి బ్యాగులోంచి కుంకుమ భరిణె తీసింది. మొదటి బొమ్మకు పెట్టబోతే తల పక్కకు తిప్పేసింది. రెండోదీ అంతే. రాజమ్మ బొమ్మయితే నుదుటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"నీకేం పుట్టిందే?" అని రాజమ్మ తన బొమ్మను తనే కసిరింది. బొమ్మ వరస చివరికి చూసింది.

అక్కడ అండాలమ్మ బొమ్మ, వీపు ఇటు పెట్టి కూర్చుని ఉంది.

అప్పుడు తెలిసొచ్చింది సీతామహాలక్ష్మికి. నిన్న అండాలమ్మ గుమ్మం ముందు తను భరిణె మూసేసి, ఉత్త చేతులతో దణ్ణం పెట్టి, "సాయంత్రం తప్పకుండా రండి" అనేసి వచ్చింది. అండాలమ్మ భర్త పోయి చాలాకాలమైంది. కావాలని చేసింది కాదు. వాళ్లమ్మ అట్లాగే చేసేది, అమ్మమ్మా అట్లాగే చేసేది, చెయ్యి దానంతటదే మూత పెట్టేసింది. గోడ అందరిదీ అని ఊరూరా ఉపన్యాసాలిచ్చే మనిషి!

"పెట్టొచ్చంటారా?" అని రాజమ్మను మెల్లగా అడిగింది.

రాజమ్మ, "నన్నడుగుతరేంది? ఆమెనడుగుండ్రి," అంది.

"అండాలమ్మ గారూ, తప్పయిపోయింది. పెట్టమంటారా?"

బొమ్మ నిదానంగా ఇటు తిరిగింది. కళ్లు మూసుకుని నుదురు ముందుకు వంచింది. సీతామహాలక్ష్మి నిండుగా బొట్టు పెట్టింది.

సాయంత్రానికి గోడ నిండింది. ట్రస్టు పెద్దాయన రామమోహనరావు ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రెండుసార్లు నడిచి, "వచ్చే గోడ మూసారాంబాగ్‌లో మొదలుపెట్టండి," అన్నాడు. సీతామహాలక్ష్మికి పోయిన ప్రాణం లేచొచ్చింది. దొరికిన కుర్చీలో కూలబడి చెంబెడు మంచినీళ్లు గటగటా తాగింది.

అప్పుడొచ్చింది అసలు అండాలమ్మ. శుభకార్యమంటే వెనక గది దాటని మనిషి, ఇస్త్రీ చీర కట్టుకుని, జనం మధ్యలోంచి నడిచి ముందు వరసలోకి వచ్చింది. నుదుట రూపాయి బిళ్లంత బొట్టు. కొడుకు చూశాడు, కోడలు చూసింది. రాజమ్మ లేచి తన కుర్చీ ఇచ్చింది.

సీతామహాలక్ష్మి ఏదో చెప్పబోతే అండాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది.

"పొద్దుగాల అద్దంల చూసుకున్న బిడ్డా," అంది. "తుడిస్తె పోలే. ఇగ నేను గూడ మల్ల తుడువలే."