సంచీ కొంటే కష్టాలు ఉచితం

తాను చచ్చిపోయిన సంగతి సింకు కింద వెల్లకిలా పడుకుని ఉండగా ప్లంబరు చెవిన పడింది.

చేతిలో పానా, మొహం మీద బొట్లు బొట్లుగా మురికినీళ్లు. పైన ఆ ఇంటావిడ తన చెల్లెలికి కొత్త సంచీ చూపించి మురిసిపోతోంది. పేద ఆడవాళ్లు చేసిన వస్తువులు అమ్మిపెట్టే సేవాసంస్థలో కొన్నదట. రంగురంగుల గుడ్డముక్కలు కలిపి కుట్టిన సంచీ.

"కుట్టినావిడ ఫొటో, కథ కూడా ఇచ్చారే. పాపం, మొగుడు తాగి తాగి పోయాడట. ఇద్దరు పిల్లలతో రోడ్డున పడితే వీళ్లే చేరదీశారట. చదువుతుంటే ఏడుపు ఆగలేదనుకో. అందుకే రెండు కొన్నాను."

"అలాంటివాడు పోయి మంచిపని చేశాడులే," అంది చెల్లెలు.

నిజమే కదా అనుకున్నాడు ప్లంబరు. పని ముగించి చేతులు తుడుచుకుంటూ లేచేసరికి, సంచీకి వేలాడుతున్న చిన్న అట్టముక్క మీద నుంచి అతని భార్య అతన్నే చూస్తోంది.

కిక్కురుమనకుండా బయటపడ్డాడు. పోయినవాడు నోరు విప్పితే ఏం బాగుంటుంది! కానీ ఇల్లు చేరేదాకా తనలో తనే గొణుక్కుంటూనే ఉన్నాడు. దగ్గుమందు తాగినా తల తిరిగే మనిషిని పట్టుకుని తాగుబోతంటారా?

భార్య ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చుని, సంస్థకు ఇవ్వాల్సిన సంచీకి జిప్పు వేస్తోంది.

"నేనెప్పుడు పోయానే?"

"ఎక్కడికి?" అంది తలెత్తకుండా.

సంగతంతా చెప్పాడు. ఆవిడ మిషను ఆపి, కళ్లలో నీళ్లు తిరిగేలా నవ్వింది.

"నా తప్పేం లేదండీ. నీ కష్టాలేంటో చెప్పమ్మా అన్నారు సంస్థవాళ్లు. జిప్పులు నాసిరకానివి ఇస్తున్నారు, ఇక్కడ కూర్చునేచోట వెలుతురు చాలట్లేదు అన్నాను. అవి కష్టాలు కావన్నారు. ఇంకేం లేవన్నాను. సరే, మేం చూసుకుంటాంలే అన్నారు. ఇలా చూసుకున్నారన్నమాట!"

"నవ్వకు. పోయింది నేను!"

మర్నాడు తిన్నగా సంస్థ అధ్యక్షురాలి దగ్గరికి వెళ్లాడు. ఆవిడది మహా సున్నితమైన మనసు. పేదరికం మాటెత్తితే చాలు, గొంతు పూడుకుపోతుంది. అందుకని ఏసీ గదిలో తప్ప ఆ మాట ఎత్తదు. అతను చెప్పినదంతా ఓపిగ్గా విన్నది.

"మీరు బతికి ఉన్నందుకు మాకూ సంతోషమే. కానీ మొగుడు బతికుంటే సంచీ కదలదండీ. మీకు అంత పట్టింపైతే పక్షవాతం అని మారుద్దాం."

"రోజూ పైపులు భుజాన వేసుకుని తిరుగుతానమ్మా!"

"పోనీ, ఇల్లొదిలి పారిపోయారని రాయనా? ప్రాణమైనా దక్కుతుంది."

చావు, పక్షవాతం, పరారీ. మూడింటినీ అటూ ఇటూ తిప్పి చూసుకుంటే చావులోనే కాస్త మర్యాద కనిపించింది అతనికి.

"అయితే ఆ తాగుడన్నా తీసేయండమ్మా."

"తీసేస్తే మరి దేనికి పోయారని చెప్పాలి? చదివేవాళ్లు అడగరూ? సంస్థను చూడ్డానికి దాతలు వస్తున్నారు, వాళ్లు వెళ్లాక చూద్దాం. అన్నట్టు, మీరు ప్లంబరు కదా? ఇక్కడ మా ఆఫీసు బాత్రూంలో కుళాయి కారుతోంది. సేవాభావంతో కాస్త..."

సేవాభావంతో బిగించిన కుళాయి సరిగ్గా దాతలు వచ్చిననాడే ఊడింది. మనిషిని పరుగెత్తించి అతన్ని పిలిపించారు. ఎలాగో నీళ్లు ఆపి, నిలువునా తడిసి బయటికి వచ్చాడు. అప్పుడే దాతలు సంస్థ కుట్టుగదిలో అతని భార్య మిషను చుట్టూ మూగి, ఆవిడ దుఃఖాన్ని దగ్గర్నుంచి చూస్తున్నారు.

ఆవిడ గభాలున లేచి, కుట్టబోయే గుడ్డతోనే అతని తల తుడవసాగింది. "ఇలా తడితలతో తిరిగితే జలుబు చెయ్యదూ? రాత్రంతా తుమ్మి నన్ను చంపుతారు."

దాతల్లో పెద్దాయన అట్టముక్క చూశాడు, అతన్ని చూశాడు.

"ఈయనెవరమ్మా?"

"మా ఆయన."

అధ్యక్షురాలి మొహంలో నెత్తురు చుక్క లేదు. అయితే రెప్పపాటే. వెంటనే ఆవిడ గొంతు పూడుకుపోయింది.

"రెండో ఆయన! మేమే దగ్గరుండి పెళ్లి చేశాం."

చప్పట్లు మోగాయి. పెద్దాయన ప్లంబరు తడిచేతుల్ని పట్టుకుని వదల్లేదు. "ఇంకొకడి పిల్లల్ని కడుపున పెట్టుకు చూస్తున్నావు. నీలాంటివాళ్లు ఎంతమంది ఉంటారు నాయనా!"

ప్లంబరు ఏదో చెప్పబోయాడు. భార్య నడుం మీద గిల్లింది.

"ఏదోనండీ, నాకు చేతనైంది," అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక తనని ఇంతగా మెచ్చుకున్న మనిషి లేడు మరి. కొంచెం ఛాతీ కూడా విరుచుకున్నాడు.

నెల తిరక్కుండా కొత్త అట్టలు వచ్చాయి. ఈసారి ఫొటోలో ఇద్దరూ ఉన్నారు. మొదటాయన తాగుడు తాగుడుగానే ఉంది, దాని పక్కన రెండో ఆయన మంచితనం చేరింది. సంచీలు వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోతున్నాయట. భార్య ఒక అట్ట ఇంటికి తెచ్చి గోడకు అంటించింది. ప్లంబరు దగ్గరికెళ్లి తన మంచితనాన్ని తీరిగ్గా చదువుకున్నాడు. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాడు.

"ఏమే, రోజూ గిన్నెలు కూడా తోముతానని ఉందేంటి?"

"నేనే చెప్పాను. ఇంట్లో ఏం సాయం చేస్తాడమ్మా అని ఆ పెద్దాయన మరీమరీ అడిగారు."

"నేనెప్పుడు తోమాను? పచ్చి అబద్ధం కదా!"

"మొదటాయన తోమేవాడు కాదు," అంది ఆవిడ, సూదిలోకి దారం ఎక్కిస్తూ. "మీరలా కాదని అచ్చయి కూర్చుంది."

ప్లంబరు కాసేపు గోడకేసి, కాసేపు భార్యకేసి చూశాడు. చచ్చి ఏ లోకాన ఉన్నాడో గానీ, ఆ మొదటివాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టుకుంటూ చొక్కా చేతులు పైకి మడిచాడు.