భుజం మీది దీపం

పగ కూడా సరుకే. తొందరపడి అమ్మితే నష్టం. ఎండ తగలకుండా దాచి, కొనేవాడు తనంతట తాను గుమ్మంలోకి వచ్చినప్పుడు బయటికి తీస్తే అడిగిన ధర పలుకుతుంది. ఫొటో స్టూడియో నడిపేదాన్ని, ఈ మాత్రం బేరం తెలియకపోతే ఎట్లా?

మా చెల్లి ఆధునిక నృత్యం చేసేది. అందులో గజ్జెలుండవు, నగలుండవు, ఒళ్లే మాట్లాడాలి. దాని గురువుని శిష్యులందరూ చాటుగా నెమలి అనేవారు. తడి ఆరని నేల మీద దూకమని ఆయన పట్టుబట్టిన రోజున చెల్లి కుడి మోకాలు దెబ్బతింది. మంచం దిగాక ఆ మోకాలితోనే, మా స్టూడియో వెనక గదిలో, సొంతంగా ఒక నృత్యం కట్టుకుంది. గిర్రున తిరిగే చోట కుడికాలి మీద బరువు పడకుండా ఎడమ భుజాన్ని చటుక్కున దించేది. ఆ దించడంలోంచే తర్వాతి అడుగు పుట్టేది.

దాన్ని నేను ఫొటో తీశాను. గదిలో దీపాలన్నీ ఆర్పి, దాని భుజానికి చిన్న బల్బు కట్టి, తిరిగినంతసేపూ కెమెరా కన్ను తెరిచే ఉంచాను. చివర్లో ఒక్కసారి ఫ్లాష్ కొట్టాను. మోకాలి కట్టుతో సహా చెల్లి స్పష్టంగా పడింది. దాని వెనక, భుజం నడిచిన దారంతా తెల్లటి గీతగా నిలిచింది. పైకి లేచి, ఒకచోట కొక్కెంలా వంగి, మళ్లీ లేచిన గీత.

చెల్లి ఆ నృత్యాన్ని ఆశగా గురువుకి చేసి చూపించింది.

"ఇది నాట్యం కాదమ్మా, కుంటడం" అని పంపేశాడు.

ఏడాది తిరక్కుండా అదే నృత్యం ఆయన పేరుతో పోస్టరై గోడలెక్కింది. చెల్లి ఒక్కతే వెళ్లి నిలదీసింది.

"కదలిక గాలిలాంటిది. గాలి మీద ఎవరైనా సంతకం పెడతారా?" అని నవ్వాడట. "సాక్ష్యముంటే తెచ్చుకో, పో."

చెల్లి ఇంటికొచ్చి కళ్లు తుడుచుకుంది. "దాని మీద నా పేరు పడితే చాలక్కా. ఇంకేమీ వద్దు."

"నీకు చాలుతుందేమో. నాకు చాలదు" అన్నాను.

మా దగ్గరున్న ఫొటో ఒక్కటే చూపిస్తే పిచ్చిగీత అని కొట్టిపారేసేవాడు. తూకం వెయ్యాలంటే రెండో పళ్లెంలో కూడా సరుకుండాలి. దాన్ని ఆయన చేతే పెట్టించాలనుకున్నాను.

నేనెవరో నెమలికి తెలియదు. సాధన చేసే హాలుకి కెమెరా సంచితో వెళ్లాను.

"ప్రదర్శన రోజున హాలు ముందు గదిలో మీ నృత్యం ఫొటోలు పెద్దవిగా పెడతాను సార్. నాకేమీ ఇవ్వక్కర్లేదు. మూలన మా స్టూడియో పేరు కనబడితే చాలు."

ఉచితం అన్న మాట వినగానే మనిషి బేరం ఆడటం మానేస్తాడు, ఆలోచించడం కూడా మానేస్తాడు. భుజానికి బల్బు కట్టి గీత తీస్తానంటే మరీ మురిసిపోయాడు.

ప్రధాన నర్తకి ఒక పొడుగమ్మాయి. బల్బు కట్టించుకుంటూ అడిగింది: "ఇక్కడ భుజం ఎందుకు దించుతాం సార్? నాకెప్పుడూ అర్థం కాదు."

"అర్థం కావడానికి అదేమన్నా లెక్కల పాఠమా? ఏళ్ల తరబడి వెతికి పట్టుకున్నాను. ఈ వంపు నా సంతకం!"

నేను కెమెరా వెనక నుంచి తల ఎత్తాను. "ఎంత బాగా చెప్పారు సార్! ఫొటో కింద అదే రాయించనా?"

"రాయించు. అక్షరం మార్చకు."

"మారుస్తానా సార్? మీ మాట మీదే."

దొంగ గోడకి కన్నం వేసి, ఆ కన్నం తానే వేశానని పైన పేరు చెక్కించుకున్నట్టయింది.

ప్రదర్శన సాయంత్రం రెండు ఫొటోలూ పక్కపక్కనే వేలాడదీశాను. పొడుగమ్మాయి ఫొటో కింద ఆయన పేరు, 'ఈ వంపు నా సంతకం' అన్న ఆయన మాట. పక్కన మోకాలి కట్టుతో చెల్లి. దాని కింద చెల్లి పేరు, ఫొటో తీసిన తేదీ, 'మోకాలు నొప్పి' అన్న రెండు ముక్కలు. రెంటి గీతా ఒకటే. ఒకదాని మీద ఒకటి పెడితే వెంట్రుక వాసి తేడా రాదు.

జనం గుమిగూడారు.

"రెండూ ఒకలాగే ఉన్నాయేంటండీ?" ఒకావిడ భర్తని అడిగింది.

"అక్కడ కట్టు, ఇక్కడ కట్టుకథ" అన్నాడాయన.

నెమలి పరుగున వచ్చాడు. ముఖంలో నెత్తుటిచుక్క లేదు. "తీసెయ్ దాన్ని! అసలెవరు నువ్వు?"

"దాని అక్కని సార్. సాక్ష్యం తెచ్చుకోమన్నారట కదా, పెద్ద సైజులో తెచ్చాను."

తేలు కుట్టిన దొంగలా తెర వెనక్కి పోయాడు. జనం ముందు ఆ ఫొటోని గోడ మీంచి దింపించలేకపోయాడు గానీ, ఎవ్వరూ భుజం దించొద్దని నర్తకులకి ఆజ్ఞ వేశాడు. వంపు లేకపోతే దొంగతనమూ లేదని అనుకున్నట్టున్నాడు.

తెర లేచింది. ఆ తిరుగుడు వచ్చింది. భుజాలన్నీ నిటారుగా ఉన్నాయి. తర్వాతి అడుగు ఎక్కణ్ణుంచి తీయాలో ఎవరికీ తెలియలేదు. ఒకరినొకరు గుద్దుకుని, సంతలో తప్పిపోయిన పిల్లల్లా నిలబడ్డారు.

పొడుగమ్మాయి వేదిక అంచుకి వచ్చి, ముందు వరసలో నా పక్కనున్న చెల్లిని చూసింది. ముందు గదిలో ఫొటో చూసే ఉంటుంది.

"అక్కా, దించొద్దన్నారు. దించకపోతే అడుగు రావట్లేదు. ఏం చెయ్యమంటావ్?"

చెల్లి లేచింది.

"నాకు నొప్పి, అందుకని దించాను. మిగతాదంతా దానిమీదే కట్టాను. దించండి, వస్తుంది."

దించారు. వచ్చింది. చివర్లో పొడుగమ్మాయే చెల్లి పేరు హాలంతా వినబడేలా చెప్పింది. చెల్లి కోరింది అదే. దానికి ముట్టింది.

నాకు రావలసింది నేను అంతకుముందే తీసుకున్నాను. చెల్లి మాట్లాడుతున్నప్పుడు హాలంతా తెర పక్కనున్న నెమలి వైపు తిరిగింది. నోరు తెరిచి, చెయ్యి గాలిలో ఎత్తి నిలబడ్డాడు. కెమెరా నొక్కాను. నర్తకుల్ని ఫొటోలో ఆపి పట్టాలంటే కెమెరాని ఎంత వేగంగా పెట్టాలో! ఆయనకి ఆ అవసరం రాలేదు. తానే కదల్లేదు.

ఆ ఫొటో మా స్టూడియో ముందరి అద్దాల అరలో, పాస్‌పోర్ట్ ఫొటోల నమూనాల మధ్య ఉంది. తీసేయమని ఇద్దరు ముగ్గురు పెద్దమనుషుల చేత కబురు పెట్టాడు. తీయను. ఎవరండీ ఈయన అని దారిన పోయేవాళ్లు అడుగుతుంటారు. కూర్చోబెట్టి, మొదటి నుంచీ చెబుతాను.