పెద్దచెవి

గిటారు పై అంచుకు పళ్ళు ఆనించి, కళ్ళు మూసుకుని, ఆయన సన్నతీగను మీటాడు. వణుకు చెక్కలోంచి పళ్ళలోకి పాకింది. పళ్ళలోంచి దవడకీ, దవడ నుంచి చెవి వెనక ఎముకకీ వెళ్ళింది. పక్క తీగను అదే స్వరం దగ్గర నొక్కిపట్టి, దాన్నీ మీటాడు. రెండు వణుకులూ కలవలేదు. ఒకదాని వెనక ఒకటి కుంటుకుంటూ నడిచాయి. తీగ బిగించే మరను వెంట్రుకవాసి తిప్పాడు. కుంటు తగ్గింది. ఇంకాస్త తిప్పితే రెండూ ఒకటై నిలబడ్డాయి.

పళ్ళు తీసి, చెక్క మీది తడిని చొక్కా అంచుతో తుడిచాడు. తలుపు వైపు ఓసారి చూశాడు. ఎవరూ రాలేదు. పొద్దున తొమ్మిదిన్నరకు ఆ స్టూడియోలో ఆయనా, రెండు గిటార్లూ, మూడు ఆంప్లిఫయర్లూ తప్ప ఎవరూ ఉండరు. ఇదివరకు పదింటికి వచ్చేవాడు. పళ్ళతో శ్రుతి చూసుకోవడం మొదలైనప్పటి నుంచి తొమ్మిదింటికే వస్తున్నాడు.

జేబులో శ్రుతి చూపించే చిన్న మిషను ఉంది. ముందు దాని సూది చూసుకుంటాడు, తర్వాతే పళ్ళు. సూది చెప్పేది సగమేనని ఆయన నమ్మకం. తీగను వాయించే చెయ్యి గట్టిదా మెత్తనిదా అన్నది సూదికి తెలియదు కదా. పాతికేళ్ళుగా అలాంటి మిషన్లను వెక్కిరించిన నోరు ఆయనది. అందుకని దాన్ని ఎవరి కంటా పడనివ్వడు.

గిటారును స్టాండు మీద పెట్టి ఆంప్ గదిలోకి వెళ్ళాడు. మంచం పట్టేంత గది. గోడలకు దుప్పట్లు కొట్టి ఉంటాయి. ఒక వైపు అద్దం, అద్దం అవతల వాయించేవాళ్ళు, ఇంకో అద్దం అవతల రికార్డిస్టు. గదిలో బట్టల పెట్టెంత పాత ఆంప్ ఉంది. అందరూ దాన్ని ముసలిది అంటారు. లోపల గాజు వాల్వులు వేడెక్కితే గానీ అది గొంతు విప్పదు. అరగంట పడుతుంది. స్విచ్చి వేసి, పైన అరచెయ్యి ఆనించి, జ్వరం చూసినట్టు చూశాడు. ఇంకా చల్లగానే ఉంది.

మూలనున్న ఎలుకబోనులోంచి ఎండిన రొట్టెముక్క తీసేసి కొత్త ముక్క గుచ్చాడు. ఈ బోను పెట్టి వారమైంది. స్టూడియోలో ఎలుకలు లేవని ఆయనకు తెలుసు.

ఇరవయ్యారేళ్ళ కిందట ఆయన ఇక్కడికి పెట్టెలు మోసే పనికి వచ్చాడు. వచ్చిన మూడో నెలలో, ఓ బ్యాండు లోపల హోరెత్తిస్తుంటే, వరండాలో చీపురు పట్టుకుని నిలబడి, "రెండో గిటారుది మూడో తీగ దిగింది," అన్నాడు. వెళ్ళి చూస్తే నిజంగానే దిగి ఉంది. ఆ రోజు నుంచి ఆయన పేరు పెద్దచెవి. అసలు పేరు హాజరు పుస్తకంలో మాత్రం మిగిలింది. వాయించేవాళ్ళు వచ్చేవారు, పోయేవారు. వాళ్ళ బొమ్మలు గోడలకెక్కాయి. ఈయన ముసలిదాని పక్కన స్టూలేసుకుని కూర్చున్నాడు. పెళ్ళి మాటెత్తితే, "ఒక గోల చాలదా?" అని ఆంప్ వైపు చూపించేవాడు.

స్టూడియోలో ఓ రివాజు ఉండేది. పాట నడుస్తుండగా ఆంప్‌లోంచి ఏదైనా తేడా శబ్దం వస్తే రికార్డిస్టు అద్దంలోంచి పెద్దచెవి వైపు చూస్తాడు. ఆయన చెయ్యెత్తితే పాట ఆగాలి. తల ఊపితే ఆ శబ్దాన్ని ఎవరూ ముట్టుకోకూడదు. ఒకసారి అందరూ వద్దన్న బుసను ఆయన ఉండనిమ్మన్నాడు. తర్వాత జనం ఆ పాటను ఆ బుసతోనే గుర్తుపెట్టుకున్నారు.

పోయినేడు చెల్లెలింట్లో మొదటిసారి తేడా తెలిసింది. ఆయన ఉండేదీ ఆ ఇంట్లోనే, వెనక గదిలో. చెల్లెలు మిషను మీద జాకెట్లు కుడుతూ, "మూడు కూతలు రాగానే కుక్కరు కట్టెయ్యన్నయ్యా," అంది. ఆయన పొయ్యి ముందే కూర్చుని కూత కోసం ఎదురు చూశాడు. మాడు వాసన వచ్చింది. చెల్లెలు పరుగెత్తుకొచ్చి, "ఎదురుగా కూర్చుని మరీ మాడ్చావు కదా! ధ్యాస ఎక్కడ పెట్టావు?" అని తిట్టింది. ఆవిరి ఎగురుతూనే ఉంది. ఆయనకు అది కనబడింది, అంతే.

డాక్టరు కాగితం మీద ఓ గీత గీసి చూపించాడు. "లావు శబ్దాలు బాగానే ఉన్నాయి. సన్నవి పోయాయి. ఇన్నేళ్ళు ఆ పెట్టెల పక్కన కూర్చుంటే పోవా మరి? చెవికి మిషను పెట్టుకుంటే మాటలు ఇంకా తేటగా వినబడతాయి. సంగీతం సంగతి మాత్రం నేను చెప్పలేను." ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని స్టూడియోకి వచ్చేశాడు.

పదకొండింటికి బ్యాండు వచ్చింది. ముందు డ్రమ్మరు నోరు, దాని వెనక వాడు. చివర మేనకోడలు. నాలుగేళ్ళప్పుడు ఇదే ముసలిదాని మీద కూర్చుని కాళ్ళూపిన పిల్ల. మావయ్య ముందుపళ్ళ మధ్య ఉన్న సందులో గిటారు మీటే పిక్కు బిళ్ళ దూర్చి, నిలబడితే చప్పట్లు కొట్టిన పిల్ల. గిటారు చేతికిచ్చి మెట్లు నేర్పించింది ఆయనే. వాయించిన ప్రతిసారీ, "ఎలా ఉంది మావయ్యా?" అని అడిగేది. ఆయన ఊరికే మెచ్చుకునే రకం కాదు. "రెండో చోట తొందరపడ్డావు." "ఆ మలుపులో స్వరం ఎగ్గొట్టి దొంగతనం చేశావు, మళ్ళీ వాయించు." ఆ పిల్ల మూతి ముడుచుకుని మళ్ళీ వాయించేది. ఇప్పుడు ఆమెకు సొంత బ్యాండు ఉంది. మొదటి రికార్డు ఇక్కడే చేస్తోంది. ఏడాదిగా ఆమె అడిగినప్పుడల్లా ఆయన ఒకే మాట అంటున్నాడు. "బాగుంది."

పోయిన వారం చెల్లెలు నోట్లో గుండుసూదులు పెట్టుకునే అంది. "నీ మేనకోడలు ఏడ్చిందన్నయ్యా. మావయ్యకి నా పాటంటే మనసు పోయింది, పరాయివాళ్ళకి చెప్పినట్టు బాగుంది బాగుంది అంటున్నాడు అని."

"ఇదిగో, మళ్ళీ కొరికింది!" మేనకోడలు నల్ల గిటారును కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. "నిన్న ఇంత లేదు. ఏం ఎలుక మావయ్యా ఇది?"

"రెండు గిటార్లుండగా నీదే కొరుకుతోందంటే రుచి తెలిసిన ఎలుకే," అన్నాడు డ్రమ్మరు.

"నీ డ్రమ్ములు విని కూడా ఊరు విడిచిపోలేదంటే చెవిటి ఎలుక అయ్యుంటుంది," అంది మేనకోడలు.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వి, చేత్తో నోరు కప్పుకున్నాడు. "బోను పెట్టాగా అమ్మా. పడుతుందిలే."

మధ్యాహ్నం అసలు పాట మొదలైంది. చివర ఆమె ఒంటరిగా వాయించే భాగం ఉంది. మూడు రోజులుగా అది కుదరడం లేదు. స్టూలు మీద కూర్చుని, ముసలిదానికి వీపు ఆనించి, ఆయన అద్దంలోంచి ఆమెను చూశాడు. లావు తీగలు వీపులోకి దిగాయి. ఆమె చెయ్యి మెల్లగా గిటారు మెడ మీద కిందికి జరిగి, సన్నతీగల చివరి మెట్లకు చేరింది. అక్కడి నుంచి ఆయనకు ఏమీ లేదు. అయినా చూస్తూనే ఉన్నాడు. వేళ్ళు ఎక్కడ ఆగాయో, ఎక్కడ తీగను పైకి నెట్టాయో, ఎక్కడ ఊపిరి బిగబట్టిందో అన్నీ చూశాడు. ఆమె కళ్ళు మూసుకుంది. మెడ నరం తేలింది. రెండో చోట తొందరపడలేదు. మలుపులో దొంగతనం చెయ్యలేదు. ఇదే, ఇదే అనుకున్నాడు.

రికార్డిస్టు తన అద్దంలోంచి ఆయన వైపు చూశాడు. ఆయన తల ఊపాడు. రికార్డిస్టు కనుబొమలు ముడిచి మళ్ళీ చూశాడు. ఆయన ఈసారి ఇంకా గట్టిగా ఊపాడు.

పాట అయ్యాక అందరూ వినడానికి రికార్డిస్టు గదిలో చేరారు. సగం అయ్యేసరికి డ్రమ్మరు చెవిలో వేలు పెట్టుకున్నాడు.

"ఇక్కడి నుంచి ఈల ఉంది," అన్నాడు రికార్డిస్టు. "వాల్వుదనుకుంటా. ఆపేద్దామనుకున్నా పెద్దచెవీ, నువ్వేమో తల ఊపావు. ఉండనిద్దామా?"

"నాకైతే బుర్రలో సూది దించినట్టుంది," అన్నాడు డ్రమ్మరు.

మేనకోడలు ముఖం వెలిగిపోయింది. "మావయ్య తల ఊపాడంటే ఉండాల్సిందే. నీకు తెలియదురా, ఆ పాత పాటలో బుస కూడా అంతే." ఆయన చెయ్యి పట్టుకుంది. "ఎన్నాళ్ళకి మావయ్యా! నా పాటలో నీకేదో దొరికింది. నువ్వు ఉండనిమ్మంటే అది నా రికార్డులో అలాగే ఉంటుంది. ఎవరేమన్నా సరే."

ఆయన రికార్డిస్టు వైపు తిరిగాడు. "ఇంకోసారి వెయ్యి," అన్నాడు.

రికార్డిస్టు మళ్ళీ వేశాడు. ఆయన పాట వైపు చెవి పెట్టలేదు, ముఖాల వైపు చూశాడు. డ్రమ్మరు మళ్ళీ చెవి మూసుకున్నాడు. రికార్డిస్టు దవడ బిగిసింది. మేనకోడలు ఎడమ కన్ను సన్నగా చిట్లించింది. ఆమె మాత్రం ఆయన కోసం నవ్వుతూనే ఉంది. ఒక్కసారి తల ఊపితే చాలు. ఇంకో ఏడాది గడిచిపోతుంది. ఆ ఈల మాత్రం ఆమె పాటలో ఉండిపోతుంది.

"తీసెయ్యండి," అన్నాడు.

"అదేంటి మావయ్యా? మరి తల ఎందుకు ఊపావు?"

"నాకు వినబళ్ళేదమ్మా."

"పెద్దచెవికి వినబళ్ళేదంట!" డ్రమ్మరు పకపకా నవ్వాడు. ఎవరూ తోడు నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"ఇప్పుడూ వినబళ్ళేదు. సన్న శబ్దాలు వినబడక ఏడాది దాటింది."

ఆమె ఆయన చెయ్యి వదల్లేదు. "మరి నా పాట?"

"సగం వినబడుతుంది."

"బాగుంది అన్నావు కదా. ప్రతిసారీ అన్నావు."

"నీ వేళ్ళు చూసేవాణ్ణి తల్లీ. వేళ్ళు బాగుంటాయి."

ఆమె చెయ్యి తీసేసుకుంది. "నాకైనా చెప్పొచ్చు కదా మావయ్యా," అని బయటికి వెళ్ళింది. చాలాసేపు కుళాయి నీళ్ళ చప్పుడు వచ్చింది. అది ఆయనకు బాగానే వినబడింది.

ఆమె తిరిగి వచ్చేసరికి ఆయన ముసలిదాని వెనక రేకు విప్పి, పెన్సిలు పట్టుకుని కూర్చుని ఉన్నాడు. "రామ్మా. ఒక్కో వాల్వునీ తడతాను. ఏది కూస్తుందో చెప్పు." ఆమె పక్కన కూర్చుంది. ఆయన తట్టాడు. కాదంది. తట్టాడు. కాదంది. మూడోదాన్ని తట్టగానే భుజాలు ముడుచుకుని, "ఇదే," అంది. గుడ్డతో దాన్ని పట్టుకుని లాగి, కొత్తది బిగించాడు.

"పోయిందా?"

"పోయింది."

"సరే. వెళ్ళి వాయించు. ఇందాకటి దాన్ని వెతుక్కోకు. అది అయిపోయింది. కొత్తగా వాయించు."

ఏడాది తర్వాత, 'బాగుంది' అని కాకుండా, ఆమె వాయింపు గురించి ఆయన చెప్పిన మొదటి మాట అది. ఆమె అద్దం అవతలికి వెళ్ళి హెడ్‌ఫోన్లు పెట్టుకుంది. ఆయన రికార్డిస్టు దగ్గరికి వెళ్ళి, "ఇక చెయ్యి నువ్వే ఎత్తు," అన్నాడు. టిఫిను డబ్బా తీసుకున్నాడు. తాళంచెవుల గుత్తి నడుము నుంచి విప్పి స్టూలు మీద పెట్టాడు. దాని పక్కన పెన్సిలు, శ్రుతి మిషను.

వరండాలోకి వచ్చి తలుపు మూశాడు. ఇరవయ్యారేళ్ళ కిందట చీపురు పట్టుకుని నిలబడిన చోటే. లోపల ఆమె మొదలుపెట్టింది. ఆయన తలుపు చెక్క మీద అరచెయ్యి పెట్టాడు. లావు తీగలు చేతికి తెలిశాయి. ఆమె పైమెట్లకు వెళ్ళగానే చెక్క మూగబోయింది. అలాగే నిలబడ్డాడు. ఆమె మళ్ళీ దిగి వచ్చేదాకా, చెక్క మళ్ళీ వణికేదాకా ఉండి, చెయ్యి తీసి మెట్లు దిగాడు.

"బాగా వచ్చింది. ఇందాకటంత కాదనుకో, కానీ బాగా వచ్చింది," అన్నాడు రికార్డిస్టు. ఆమె వినిపించుకోలేదు. ఆంప్ గది అద్దంలోంచి ఖాళీ స్టూలును చూస్తోంది. ఎవరినీ ఎలా ఉందని అడగలేదు.

అందరూ వెళ్ళాక నల్ల గిటారును ఒళ్ళో పెట్టుకుని తుడిచింది. పై అంచు దగ్గర గుడ్డ ఆగింది. కిటికీ వెలుగులోకి వంచి చూసింది. పక్కపక్కనే రెండు నొక్కులు, ఒకదాని మీద ఒకటి ఎన్నోసార్లు పడ్డవి. రెండింటి మధ్య సన్న సందు. పక్కనున్న పిక్కు తీసి, అంచు ఆ సందు మీద ఆనించి చూసింది. సరిగ్గా సరిపోయింది.

ఆంప్ గదిలో ముసలిది ఇంకా వెచ్చగానే ఉంది. మూలన ఎలుకబోను తలుపు తెరుచుకునే ఉంది. లోపల కొక్కేనికి, పొద్దున ఆయన గుచ్చిన మెత్తని రొట్టెముక్క.