నా వంతుకు వచ్చిన వైద్యం

మా తమ్ముడు షాపుకు వచ్చేసరికి నేను కాలిపోయిన మోటారు ఒకటి విప్పి, లోపలి రాగితీగ లాగుతున్నాను. మా ఆవిడ పోయాక వాడు నా గడప తొక్కడం అదే మొదలు. వెంట వచ్చిన ఇద్దరూ బయటే నిలబడ్డారు. ఊళ్ళో ఇప్పుడు వాణ్ణి ఎవరూ పేరుతో పిలవరు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమానికి ఇక్కడ వాడే పెద్ద, కన్వీనరు అంటారు.

"కమిటీ ఎల్లుండి వస్తోంది అన్నయ్యా," అన్నాడు.

మా ప్రాంతాన్ని విడదీసి వేరే రాష్ట్రం చెయ్యాలా వద్దా అని పరిశీలించడానికి ప్రభుత్వం వేసిన కమిటీ అది. ఊరూరా కూర్చుని జనం చెప్పింది రాసుకుంటోంది.

"మనవైపు నుంచి తలా ఒకటి పంచాను. నీళ్ళు, ఉద్యోగాలు, చదువులు. నీకు వైద్యం ఇచ్చాను."

"నాకా?"

"వదిన సంగతి చెప్పు. పెద్దాసుపత్రులన్నీ అవతలివాళ్ళే కట్టుకున్నారు. మనకొకటి ఉండుంటే బతికేది. అబద్ధమేం కాదుగా?"

అబద్ధం కాదు. నేను తీగ లాగుతూనే ఉన్నాను.

"నువ్వే చెప్పొచ్చుగా. నువ్వూ చూశావుగా."

వాడి ముఖం మాడిపోయింది. "ఇంటాయన చెబితేనే బరువుంటుంది అన్నయ్యా."

వాడికి పాలపళ్ళు ఊడే వయసులో ఆవిడ మా ఇంటికి వచ్చింది. అమ్మ అప్పటికే లేదు. వాడికి తల దువ్వింది, జ్వరమొస్తే ఒళ్ళో పడుకోబెట్టుకుంది, పరీక్ష తప్పితే కొట్టబోయిన నా చెయ్యి పట్టుకుంది. మాకు పిల్లల్లేరు. ఎవరైనా జాలి చూపిస్తే, "నాకు మా చిన్నోడున్నాడుగా" అనేది. ఉద్యమం మొదలయ్యాక వాడికంటే ఆవిడకే పిచ్చి ఎక్కువ. మన రాష్ట్రం మనకొస్తే కరెంటు సరిగా ఉంటుందిట, మోటార్లు కాలవుట.

"అయితే నా నోట్లో మట్టేగా," అనేవాణ్ణి.

"పోనీలెండి, ఇంట్లో కూర్చుని నాకు గిన్నెలు తోమిపెడుదురు," అనేది.

కమిటీ దగ్గరికి వెళ్తానన్నాను తమ్ముడితో. వాడు నా భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. పక్కకి జరిగాను.

కమిటీ కాలేజీలో కూర్చుంది. చెప్పుకోవడానికి వచ్చినవాళ్ళు వరండాలో బెంచీల మీద వరసగా ఉన్నారు. నా పక్కన రిటైరైన గుమాస్తా ఒకాయన.

"నాకు నీళ్ళిచ్చారు. నీకో?"

"వైద్యం."

"అదృష్టవంతుడివి. నీళ్ళ గురించి పొద్దుట్నుంచి అందరూ ఒకటే గోల. గొంతెండిపోతోంది, ఒక్కడూ గ్లాసుడు మంచినీళ్ళిచ్చిన పాపాన పోలేదు."

నవ్వొచ్చింది. ఆవిడ పోయాక నవ్వొచ్చినప్పుడల్లా ఇంటికెళ్ళి ఎవరికి చెప్పాలా అనిపిస్తుంది. అక్కడితో నవ్వు ఆగిపోతుంది.

లోపల పొడుగాటి బల్ల వెనక ముగ్గురున్నారు. మధ్యలో రిటైరైన జడ్జి. ఆయన పక్కన కళ్ళజోడు పెట్టుకున్న ప్రొఫెసరమ్మ. చివర టైపిస్టు. మా తమ్ముడు చేతులు కట్టుకుని గోడవార నిలబడ్డాడు.

"చెప్పండి," అన్నాడు జడ్జి.

"మా ఆవిడకి కడుపులో పేగు పగిలిందండి. ఇక్కడి డాక్టరు తన వల్ల కాదు, పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. దారిలో పోయింది."

టైపు మిషను టకటకలాడింది. మా తమ్ముడు తలాడించాడు. నేను అక్కడ ఆపేసి లేవాలి. అదీ తమ్ముడికిచ్చిన మాట.

"ఆసుపత్రికి ఎంతసేపు ప్రయాణం?" అంది ప్రొఫెసరమ్మ.

"మామూలు రోజునా, ఆ రోజునా?"

"రెండూ ఒకటి కావా?"

"కావమ్మా. ఆ రోజు రాస్తారోకో."

గోడవార దగ్గు వినిపించింది. నేను అటు చూడలేదు. మొత్తం చెప్పాను.

ఊరి బయట వంతెన మీద ట్రాక్టర్లు అడ్డం పెట్టారు. ముందురోజు ఎవడో నాయకుడు అంబులెన్సులో పడుకుని దాటిపోయాడట. అందుకని ప్రతి అంబులెన్సూ ఆపి తలుపు తీసి చూస్తున్నారు. మా తలుపు తీసింది మా తమ్ముడే. వెనక వాడి మనుషులు.

అప్పటిదాకా మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, నా చొక్కా పిడికిట్లో బిగించి పడున్న మనిషి, వాణ్ణి చూడగానే లేచి కూర్చుంది. జుట్టు సర్దుకుంది.

"ఏరా చిన్నోడా, ఎండలో నిలబడ్డావా? ఏమన్నా తిన్నావా?" అంది. నవ్వింది కూడా.

"ఏమైంది వదినా?"

"ఏం లేదురా, కడుపునొప్పి. మీ అన్నయ్య సంగతి తెలుసుగా, ఊరికే హడావుడి."

వాడి వెనక ఎవడో అన్నాడు: "కన్వీనరు గారి ఇంటివాళ్ళకి రూలు లేదా?"

వాడు వెనక్కి చూశాడు. మళ్ళీ ఆవిడ వైపు చూశాడు.

"లేచి కూర్చుంది, మాట్లాడుతోంది. క్వారీ దారిన చుట్టు తిరిగి పొండి అన్నయ్యా. మనవాళ్ళని వదిలితే పదిమందీ ఏమనుకుంటారు?"

వాడి కాలరు పట్టుకున్నాను. డాక్టరు అన్నది చెప్పాను, అరిచాను. నన్ను లాగిపడేశారు. లోపలినుంచి ఆవిడ, "పదిమందిలో వాణ్ణి ఏమీ అనకండి," అంది.

తలుపు పడగానే పక్కకి ఒరిగిపోయింది. క్వారీ దారి అంతా గోతులే. గోతికొక కేక. కాసేపటికి కేకలు ఆగాయి. గోతులు ఆగలేదు.

నేను చెప్పడం అయిపోయాక జడ్జి గొంతు సవరించుకున్నాడు.

"అంటే, మీరు కొత్త రాష్ట్రానికి వ్యతిరేకం."

"కాదండి. ఆసుపత్రి లేదన్నది నిజమే. రాష్ట్రం రావాలి. ఆవిడ కోరుకుంది."

"మరి దీన్ని ఎటు రాసుకోమంటారు? అనుకూలమా, వ్యతిరేకమా?"

"ఎటూ వద్దు. అడిగారు, చెప్పాను. ఆవిణ్ణి ఎవరి వైపూ నిలబెట్టకండి."

జడ్జి ప్రొఫెసరమ్మ వైపు చూశాడు. ఆమె తల దించుకుంది. "తీసెయ్యి," అన్నాడు టైపిస్టుతో. టైపిస్టు మిషనులోంచి కాగితం లాగి, కొత్తది ఎక్కించాడు. నీళ్ళాయన్ని పిలిచారు.

సైకిళ్ళ దగ్గరికి మా తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. వాడి మనుషులు గేటు దగ్గర ఆగిపోయారు.

"నా పరువు తీశావు. పోనీలే. వదినే ఉంటే నన్నొక్క మాట అనేది కాదు అన్నయ్యా."

"అనదు. లేచి కూర్చున్నప్పుడే నిన్ను క్షమించేసింది. అందుకే చచ్చిపోయింది."

వాడు రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారాయి. ఆవిడ ఉంటే ఈపాటికి వాడి తల కొంగులో పెట్టుకునేది.

"నన్నేం చెయ్యమంటావు?"

"రాష్ట్రం తెచ్చుకో. ఆసుపత్రి కట్టించు. పేరు నీ ఇష్టం వచ్చింది పెట్టుకో, ఆవిడ పేరు మాత్రం పెట్టకు. నా ఇంటికి రాకు."

"నాకెవరున్నారు అన్నయ్యా?"

వాడు నా సైకిలు హ్యాండిలు పట్టుకుని వదలలేదు. వాడి వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను. నాకూ ఎవరూ లేరు. ఆ మాట వాడికి చెప్పలేదు. సైకిలెక్కి వచ్చేశాను.